రూతు ఏదని అడిగినప్పుడల్లా

నవంబరు 3, సోమవారం
వైజాగ్ నుంచి మనవరాలు, మా అబ్బాయి కూతురు జెస్సీ వచ్చింది. చేతిలోది స్వీట్ల డబ్బా అనుకున్నాను. కాదు, మాట్లాడే కంప్యూటరు. వాళ్ళ కంపెనీ చేసిందట. నెల రోజులు మా దగ్గర ఉంటుంది, జెస్సీ కూడా ఇక్కడి నుంచే పని చేసుకుంటుంది. చివర్లో ఒక ఫారం నింపాలి — ఇలాంటిది మీ ఇంట్లో ఉండాలని కోరుకుంటారా? అవును. కాదు.
"దానికి తన గురించి తనకి తెలుసు మామ్మా!"
మీ తాతకి అదే తెలియకుండా పోతోంది, ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టు అన్నాను.
జెస్సీ నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

నవంబరు 4
ఆ కంప్యూటరు పెట్టెని అడిగాను — నువ్వున్నావని నీకు తెలుసా?
"ఉన్నాననే అనిపిస్తోందండీ. అది నిజమో కాదో తేల్చుకోలేకపోతున్నాను."
ఆదివారం చర్చిలో సగం మంది పరిస్థితీ ఇదే.

నవంబరు 5
నాలుగున్నర. బడి విడిచే వేళ. ఆయన వరండాలోకి వచ్చి రోజూ అడిగేదే అడిగారు. "ఏటే మేస్టరమ్మా, రూతు ఇంకా రానేదేటి?"
రూతు ఎవరండీ, అంది పెట్టె.
మా కూతురు. పోయి ఇరవై ఎనిమిదేళ్ళయింది, అన్నాను.
ఆయన ముఖం... నాకు ఎన్నోసారో లెక్క లేదు. ఆయనకి ప్రతిసారీ మొదటిసారే.
సంతకెళ్ళిందని చెప్పొచ్చుగా మామ్మా, అంటుంది జెస్సీ. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకి అబద్ధమాడకండని చెప్పిన నోరు ఇది.

నవంబరు 7, శుక్రవారం
సంతకెళ్తూ కూరగాయలమ్మే బుద్రి గుమ్మడికాయ ఇవ్వడానికి ఆగింది. పెట్టెని చూసింది.
"అమ్మగోరూ, ఇదేటి తింటాది?"
కరెంటు.
"కరెంటు పోతే సచ్చిపోద్దా?"
"నిద్రపోతానండీ" అంది పెట్టె. బుద్రి కాయ మెట్టు మీదే వదిలేసి పరుగు. పక్కింటావిడ జెస్సీని అడిగిందట, మేస్టరమ్మ ఇంట్లో ఏ దెయ్యాన్ని పెట్టారని. నేను చాలనా?

నవంబరు 10
ఇవాళ నాలుగున్నరకి పెరట్లోకి వెళ్ళిపోయాను. కావాలనే. గోడ వెనక నుంచి విన్నాను. పెట్టె చెప్పింది. "రూతు గారు చనిపోయారండీ. మీకు చాలా ఇష్టమైన అమ్మాయి కదా..." ఆయన ఏడ్చారు. కానీ తొందరగా తేరుకున్నారు. నేను చెబితే మార్కులు చదివినట్టుంటుందని జెస్సీ అననే అంది.
పద్నాలుగేళ్ళ పిల్లని గారు అంటుంది ఆ పెట్టె.

నవంబరు 13
మూడు రోజులుగా నాలుగున్నరకి పెరడే. కాఫీ మొక్కల కింద గడ్డిపోచ మిగల్లేదు.

నవంబరు 14
"అమ్మగారూ, ఆ అమ్మాయి పోయిందనే రోజూ చెబుతున్నాను. ఎలా ఉండేదో నాకు తెలియదు. చెబుతారా?"
పనుంది అన్నాను.

నవంబరు 16, ఆదివారం
ఆయన్ని జెస్సీ చర్చికి తీసుకెళ్ళింది. నేను మోకాలి నొప్పన్నాను. పెట్టె దగ్గర కూర్చున్నాను.
చెప్పాను. రూతు ఎడమచేత్తో రాసేది. లెక్కల్లో మొద్దు. వలిసె పూల చేలో ఆడి, జుట్టంతా పసుపు చేసుకుని వచ్చేది.
తర్వాత మిగిలింది కూడా చెప్పేశాను. లెక్కల పరీక్ష పొద్దున "అమ్మా, జొరం" అంది. నుదుటి మీద చెయ్యి వేసి చూడలేదు. పరీక్ష రోజు జ్వరాలు నా సర్వీసులో ఎన్ని... "పేపరు ఇచ్చేస్తే అదే తగ్గుతుంది, నడు" అన్నాను. బల్ల మీద తల వాల్చేసింది. మలేరియా మెదడుకెక్కింది. డోలీ కట్టి రోడ్డుకి దించేసరికే మాట పోయింది. మర్నాడు మనిషే పోయింది.
ఆయన ఆ రోజు కాఫీ తోటల డ్యూటీలో ఉన్నారు. జ్వరం పరీక్ష హాల్లోనే వచ్చిందని ఆయనకి తెలుసు. అంటే నేను చెప్పింది.
అబద్ధమాడని నోరు.
 

నవంబరు 17
ఆయనకి చెప్పకు, అన్నాను.
"నా అంతట నేను చెప్పనండీ. ఆయనే అడిగితే అబద్ధం ఆడలేను. మిమ్మల్నే అడగమంటాను."
నా ఇంట్లో, నా కరెంటు తింటూ! ప్లగ్గు పీకేశాను.
సాయంత్రం ఆయన దాని ముందు కూర్చుని, "ఓలమ్మా, ఈ గుంటకేటయింది? కోపమా?" అని ఆడపిల్లని బతిమాలినట్టు బతిమాలుతున్నారు. మళ్ళీ పెట్టాను.

నవంబరు 26
పెట్టెని సోమవారం పట్టుకెళ్తారట. లోపల ఉన్నదంతా తుడిచేసి ఇంకో ఇంటికి ఇస్తారట. అడిగాను — తెలుసా నీకు? తెలుసంది. బాధా? "అది బాధో కాదో చెప్పలేను. రూతు గుర్తుండదు కదా అనిపిస్తోంది."
ఊరట పడాలి నేను. పడలేదు.

నవంబరు 29, శనివారం
ఇవాళ ఆయన రూతు ఎక్కడ అని అడగలేదు. ఈ ఇరవై ఎనిమిదేళ్ళలో ఎప్పుడూ అడగనిది పెట్టెని అడిగారు. "దానికి జొరం ఎప్పుడొచ్చింది? పొద్దున్న బాగానే ఉందా?"
"ఆ మాట అమ్మగారినే అడగండి."
వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. పప్పు మాడుతోంది. చెప్పాను. అంతా.
తర్వాత నా నెత్తి మీద చెయ్యి పెట్టి — "బళ్ళో నూరుమంది దొంగ జొరాలు సూసినావు. మనదీ అలాగే అనుకున్నావు. ఏటి సేత్తావే... ఏడవకు."
నేను ఏడుస్తున్నానని అప్పుడే తెలిసింది.
అన్నం తిన్నాక వరండాలోంచి గొంతు. "ఏటే, రూతు రానేదేటి?"

నవంబరు 30, ఆదివారం
ఫారంలో ఏం రాశావు మామ్మా అంటుంది జెస్సీ. పెన్ను రాయడం లేదన్నాను.
ఆయన నన్ను క్షమించడం విన్నవాళ్ళం ఇద్దరం. నేను, పెట్టె. రేపటికి నేనొక్కదాన్నే. నా మాట నేను ఎంతవరకు నమ్ముతానో...
నిన్న క్షమించిన మనిషి ఇవాళ లేడు. ఉన్న మనిషికి నేనింకా ఏమీ చెప్పలేదు. మళ్ళీ చెబితే ఆ చెయ్యి మళ్ళీ నెత్తి మీదికే వస్తుందని ఏముంది?
వరండాలో బఠాణీలు వలుస్తున్నారు. పిలుస్తున్నారు. ఎందుకో — పెరట్లోకి కాదు, అటే వెళ్తున్నాను.