సలాం చేస్తే గాని కదలని గుర్రం

తమ్ముడు రఘుపతికి అక్క సుగుణమ్మ దీవించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం, నీ గుర్రం అందరికన్నా క్షేమం.

ఊళ్లో రైతుల, కూలీల సంఘానికి భయపడి నువ్వు పట్నం పారిపోయేటప్పుడు, కాళ్లు పట్టెయ్యకుండా దాన్ని రోజూ నడిపించమన్నావు. మన జీతగాడు ఏసోబు ఊరంతా తిప్పుతున్నాడు. మొదటి రోజే అది చావడి ముందర నిలబడి కదలనన్నది. అక్కడ కూర్చున్నవాళ్లు లేచి సలాం చేసేదాకా నువ్వు కళ్లెం బిగబట్టేవాడివి కదా, అదే దానికి అలవాటు. సంఘం వచ్చినప్పటి నుంచి ఎవరూ లేవడం లేదు. వెనక బండ్లు ఆగిపోయాయి.

"అన్నా, జర ఒక్కసారి లేవుండ్రి. నాకు కాదు, గుర్రానికి" అని ఏసోబు బతిమిలాడాడు.

"దొరకే లేస్తలేం, ఇంక గుర్రానికి లేస్తమా?" అన్నారు వాళ్లు.

చివరికి అటుగా వచ్చిన కూలి ఈదమ్మ గంపలోంచి గుప్పెడు ఉలవలు తీసి చూపిస్తూ ముందు నడిచింది. గుర్రం వెంటే పోయింది. వారం తిరిగేసరికి సలాం సంగతే మరిచిపోయింది. ఇప్పుడది ఈదమ్మ గుడిసె ముందే ఆగుతుంది. ఒళ్లు నిగనిగలాడుతోంది.

గుర్రం కాళ్లకు నాలుగు నాడాలు, నాకు ముక్కుపొడి తీసుకురా. నీ దగ్గు తగ్గిందా?

మిలిటరీ వచ్చింది, ఇక భయం లేదు, హుజూర్‌నగర్‌కు గుర్రాన్ని పంపిస్తే ఎక్కి ఊళ్లోకి వస్తానని రాశావు. పంపిస్తాను. కానీ చావడి ముందర కళ్లెం బిగబట్టకు. అది ఆగదు, నువ్వు కింద పడతావు.

నోరులేని జీవానికి గుప్పెడు ఉలవలతో వచ్చిన బుద్ధి నీకూ రావాలని దీవిస్తూ,

నీ అక్క