గార్డు హంతకుడు కాడు

చిరంజీవి బావమరిదికి,

ఆశీస్సుల సంగతి తర్వాత. ముందు దీనికి జవాబు చెప్పు. నువ్వు కథ రాసిన రైలు సినిమా నిన్న మీ అక్కతో కలిసి మాట్నీకి వెళ్లి చూశాను. నగల వ్యాపారిని చంపిందెవరయ్యా అంటే, గార్డు! అదీ తన ఈల తాడు మెడకి బిగించి! ఇరవై ఆరేళ్లుగా గార్డు ఉద్యోగం చేస్తున్న సొంత బావ ఉండగా నీకు ఇంకో హంతకుడు దొరకలేదా?

అసలు గార్డు కూర్చునేది రైలు చిట్టచివరి పెట్టెలో. మా రైల్లో అక్కణ్ణించి ముందుకి దారే లేదు. నీ వాడు నడుస్తున్న రైలు పైకెక్కి, పద్నాలుగు పెట్టెలు దూకి, చంపి, తిరిగొచ్చి, టోపీ చెదరకుండా జెండా ఊపాడు. నేను ప్లాట్‌ఫాం మీద నాలుగడుగులు గబగబా వేస్తే ఆయాసపడతాను.

ఇవాళ డ్యూటీలో ఈల ఊదగానే, ఎక్కి కూర్చున్నవాళ్లలో ఇద్దరు దిగిపోయారు. ఒక పెద్దావిడ "ఈయనే, ఈయనే!" అని అరిచింది. "అమ్మా, నేను ఆయన్ని కాదు" అన్నాను. "సినిమాలోనూ మొదట ఇలాగే అన్నావు" అంది.

ఇట్లు,
నీ పుణ్యమా అని పరువు పోయిన బావ

తా.క. సినిమాలో గార్డుకి పెట్టిన ఆ మీసం నాదే. బుకాయించకు.

పూజ్యులైన బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. ఒట్టు, ఆ గార్డు మీరు కారు. మొదట రైల్లో వంటవాణ్ని హంతకుణ్ని చేశాను. నిర్మాతగారి మేనమామ వంటవాడట, వద్దన్నారు. టికెట్ కలెక్టర్ని చేస్తే, హీరోగారి నాన్న టికెట్ కలెక్టరు. పోనీ డ్రైవరంటే, వాడు హత్యకి వెళితే బండెవరు నడుపుతారన్నారు. ఇక మిగిలింది గార్డు. గార్డు లేకపోయినా రైలు నడుస్తుందని మా దర్శకుడి నమ్మకం.

రెండో భాగంలో అంతా సరిదిద్దుతాను. గార్డు నిర్దోషి అని తేలిపోతుంది.

ఇట్లు,
మీ విధేయుడు

తా.క. అసలు హంతకురాలు గార్డు భార్య. ఆవిడ కోసం నేరం తన మీద వేసుకున్నాడన్నమాట. మీ పాత్రకి జనం కన్నీళ్లు పెట్టుకుంటారు.

ఒరేయ్ అప్రయోజకుడా,

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట! గార్డు లేకపోయినా రైలు నడుస్తుందా? నేను జెండా ఊపకపోతే మీ దర్శకుడు ఏ స్టేషన్లో కూర్చున్నాడో అక్కడే ముసలాడైపోతాడని చెప్పు. పైగా "మీ పాత్ర" అన్నావు. చూశావా, నేనేనని నీ చేత్తోనే ఒప్పుకున్నావు!

మా కొత్త ఆఫీసరు కూడా సినిమా చూశాడు. "నడుస్తున్న బండిలో మీ పెట్టె వదిలి వెళ్లగలరా? సంజాయిషీ ఇవ్వండి" అని కాగితం పంపాడు.

ఇప్పుడు మీ అక్కని హంతకురాల్ని చేస్తావా? బొద్దింక కనబడితే కుర్చీ ఎక్కి నన్ను పిలిచే మనిషిని! నీ ఉత్తరం యూనిఫాం జేబులో దాచాను. ఉతకడానికి తీసి చదివేసింది. ఏడుపు లేదు, కోపం లేదు. కూరగాయలు తరుగుతూ తనలో తనే నవ్వుకుంటోంది. ఏమిటని అడిగితే, "ఏం లేదు. మీ ఈల తాడు అంత గట్టిదేనా?" అంది.

ఇట్లు,
నిద్రపట్టని నీ బావ

తా.క. మూడు రోజులుగా మొదటి ముద్ద ఆవిడనే తినమంటున్నాను.

బావగారూ, నమస్కారాలు.

ఇక దాచలేను. ఆ కథ నాది కాదు, అక్కది. మీరు డ్యూటీకి వెళ్లిన రోజుల్లో ఫోన్ చేసి, బట్టలు కుడుతూ చెబుతుంది. నేను రాసుకుంటాను. ఇదివరకటి రెండు రైలు సినిమాలూ తనవే. మొదటిసారి "నా పేరెందుకులేరా" అంది. ఆ తర్వాత నేనూ అడగడం మానేశాను.

అక్క చెప్పిన కథలో గార్డు హంతకుడు కాడు. బండి మలుపు తిరిగేటప్పుడు వెనకనుంచి మొత్తం రైలు కనబడేది అతనొక్కడికే. అందుకే హంతకుణ్ని అతనే పట్టిస్తాడు. మేమే మార్చేశాం.

ఇట్లు,
సిగ్గుతో మీ బావమరిది

తా.క. ఇవన్నీ నేను చెప్పినట్టు అక్కతో అనకండి.

బావమరిదికి,

నీ ఉత్తరం మీ అక్కకి గట్టిగా చదివి వినిపించాను.

నా రైలు కబుర్లు ఆవిడ వినడం లేదనే ఇన్నేళ్లూ అనుకున్నాను. కుట్టుమిషను ఆపేది కాదు మరి. ఆ మలుపు సంగతి పెళ్లైన కొత్తల్లో ఒక్కసారి అన్నాను. "కథలు చెబుతున్నట్టు నాకెందుకు చెప్పలేదే?" అని అడిగాను. "చెబితే మీరు తప్పులు పడతారుగా" అంది.

నా పరువు గంగలో కలిసినా ఫరవాలేదు. ఆవిడ పేరేదిరా? హీరో కుక్కకి స్నానం చేయించినవాడి పేరు వేశారు, కథ చెప్పినావిడ పేరుకి చోటు లేదా? నేనడిగితే తిట్లవుతాయని, తన పేరు వెయ్యమని ఆవిడే అడిగింది. నవ్వుకుంటూ రెండో భాగం రాసేసి, నేరుగా మీ నిర్మాతకి పంపింది. నిన్న ఆయన ఒప్పుకుంటూ జాబు రాశాడు. పేరు తెర నిండా వేస్తాడట.

ఇట్లు,
కథా రచయిత్రిగారి భర్త

తా.క. ఈసారి చచ్చేవాడు ఒక సినిమా రచయిత. రైలు వివరాలన్నీ నేనే దగ్గరుండి సరిచూశాను. పాపం, వాడికి తప్పించుకునే దారే లేదు.