గోడ పక్కన తెల్ల బండి

ఫిబ్రవరి 8, శనివారం

బాపుకు చెప్పలేక చస్తున్నాను. గోపన్‌పల్లి షెడ్డులో పద్నాలుగు పాత కార్లున్నాయి. అవి కొని, విప్పి, పార్టులు అమ్మడమే మా బతుకు. ఏ కారులో ఏం మిగిలిందో ఎక్కడా రాసి ఉండదు. అంతా ఆయన తలలోనే. ఇవాళ ఎవరో ఫోన్ చేసి ఎడమ మిర్రర్ కావాలన్నారు. బాపు మంచం దిగకుండానే, చింతచెట్టు కిందున్న ఎర్ర బండిది తీస్కపో, మూలకు జర గీత ఉన్నది, నడుస్తది, అన్నాడు. వెళ్లి చూశాను. గీత ఉంది. నాకు ఇంకా ఒళ్లు మండింది.

మా ఇంట్లో బడికి పోయింది నేనొక్కదాన్నే. బీటెక్ చేసి హైటెక్ సిటీలో టెస్టింగ్ జాబ్ చేస్తున్నాను. మా మేనేజర్ మెచ్చుకునేది నా షీట్లనే. షెడ్డుకు కూడా ఒకటి తయారు చేశాను: నంబర్, మోడల్, రో, పార్టు, స్టేటస్. బాపు ఫోన్ దూరంగా పట్టుకుని చూసి, రంగులు మంచిగేసినవ్ బిడ్డా, అన్నాడు. అంతే.

సోమవారం ఆయనకు కంటి ఆపరేషన్. శుక్లాలు. వారం దాకా షెడ్డుకు రాకూడదు. ఇంతకన్నా మంచి టైమ్ దొరకదు.

ఫిబ్రవరి 9, ఆదివారం, సాయంత్రం

అయిపోయింది! నలుగురు కూలీలను పెట్టి బండ్లన్నీ తోయించాను. నంబర్ల ప్రకారం మూడు వరసలు. ప్రతి అద్దం మీద లామినేట్ చేసిన కాగితం. A-1, A-2, B-3. ఐలయ్య గారి తెల్ల క్యాబ్ కూడా వరసలోకే, గోడ పక్కకు వచ్చింది. ఆయనది స్క్రాప్ కాదు, గేర్‌బాక్స్ మార్చడానికి వదిలివెళ్లారు. షీట్‌లో దాని స్టేటస్ 'రిపేర్' అని పెట్టాను.

బాపుకు చెప్పలేదు. కంటికి కట్టు విప్పాక వచ్చి చూసుకుంటాడు.

ఫిబ్రవరి 10, సోమవారం

ఆపరేషన్ బాగా జరిగింది. దవాఖానలో కూడా బాపు ఫోన్ వదల్లేదు. అమ్మ లాక్కుంది.

ఫిబ్రవరి 11, మంగళవారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

ఆఫీసు నుంచి ఆరింటికి షెడ్డుకు వెళ్లాను. గోడ పక్కన ఐలయ్య గారి బండి. నాలుగు డోర్లు లేవు. హెడ్‌లైట్లు లేవు. సీట్లు లేవు. రేపు పొద్దున గ్యాస్ కటింగ్ వాళ్లు వచ్చి బాడీ కోస్తారట.

షెడ్డులో బండ్లు విప్పే స్వామి మీద అరిచాను. అతను పనిలో చేరి పది రోజులే అయింది, నిన్నటిదాకా ఊళ్లో ఉన్నాడు. పొద్దున బాపుకు ఫోన్ చేసి ఏ బండి విప్పాలని అడిగాడట. గోడ పక్కనున్న తెల్ల బండి ఇప్పు, అన్నాడట బాపు. శనివారం దాకా అక్కడున్నది వేరే తెల్ల బండి. దాన్ని C-4కు నేనే తోయించాను.

కాగితం కనబడలేదా అని అడిగాను. స్వామి కాగితం ఊడదీసి నా చేతిలో పెట్టాడు. దాని మీద B-3 అని మాత్రమే ఉంది. 'రిపేర్' అన్నది షీట్‌లో ఉంది. షీట్ నా ఫోన్‌లో ఉంది.

బండ్లు సర్దింది చూసిన చెల్లె, సర్దినంక నర్సన్నకు చెప్పినవేమో అనుకున్న, అన్నాడు స్వామి. షెడ్డులో అందరికీ బాపు నర్సన్నే.

పార్టులన్నీ మధ్యాహ్నానికే అమ్ముడుపోయాయి. మంచి కండిషన్ అని ఎగబడ్డారట. ఉండదా మరి? మొన్నటిదాకా రోడ్డు మీద తిరిగిన బండి!

ఇంటికొచ్చి బాపుకు చెప్పాను. ఆయన తిట్టలేదు. కోసిండ్రా, అని ఒక్కటే అడిగాడు. లేదన్నాను. చాసిస్ ఉన్నది కదా, ఇగ నడువ్, స్వామికి ఫోన్ కలుపు, అన్నాడు. స్వామికి ఎవరి పేర్లూ తెలియవు. ఒకాయన పాన్ నములుతున్నడు, ట్రాలీ ఆటో తెచ్చిండు, అంటే, ఖాజాగూడ అనిల్, అన్నాడు బాపు. తెల్ల మీసాలు, అండి అండి అన్నడు, అంటే, నల్లగండ్ల భీమేశ్వరరావు సారు, అన్నాడు. ఒక కంటికి కట్టు, రెండో కన్ను మూసుకుని చెబుతున్నాడు. నేను రాసుకుంటూ పోయాను.

ఫిబ్రవరి 12, బుధవారం

ఐలయ్య గారు వచ్చారు. ఆయన ఐటీ కంపెనీకి షిఫ్ట్ క్యాబ్ నడుపుతారు. సోమవారం పొద్దునకల్లా బండి తేకపోతే రూట్ వేరేవాళ్లకు ఇస్తానని కంపెనీకి క్యాబులు పెట్టే వెండర్ చెప్పాడట. తొమ్మిదేళ్ల రూట్.

ఆయన అరిచినా బాగుండేది. బండి చుట్టూ ఒకసారి తిరిగారు. సీటు లేని చోట గొంతుక్కూర్చుని స్టీరింగ్ మీద చెయ్యి పెట్టారు. సదువుకున్న బిడ్డ సూస్తున్నదంటే ఇగ ఫికర్ లేదనుకున్న, అన్నారు.

ఆయన వెళ్లాక స్వామి సుద్దముక్కతో బానెట్ మీద 'ఇప్పొద్దు' అని రాశాడు. నా లామినేషన్ కన్నా అది నయం.

ఫిబ్రవరి 13, గురువారం

సగం రోజు లీవ్. ఖాజాగూడలో అనిల్ దగ్గర మూడు డోర్లు, సీట్లు దొరికాయి. ఏంది చెల్లె, అమ్మిన సామాన్ల ఎంబడి తిరుగుతున్నవ్, కొత్త ఆఫరా, అని అందరి ముందూ నవ్వాడు. నవ్వనీ. హెడ్‌లైట్లు ఇంకో మెకానిక్ దగ్గర దొరికాయి. ఒకటి అప్పటికే ఒక ఆటోవాలా చేతిలో ఉంది. బతిమాలాను.

ఫిబ్రవరి 14, శుక్రవారం

మిగిలింది ఎడమ వెనక డోర్. భీమేశ్వరరావు గారు దాన్ని తన కారుకు బిగించి, బూడిద రంగు కూడా వేయించేశారు. ఇప్పుడు విప్పేస్తే కూరగాయలకు డోర్ లేకుండా ఎలా వెళ్లాలమ్మా, మీరే చెప్పండి, అన్నారు. కాఫీ ఇచ్చారు. తర్వాత సెల్లార్‌లోకి తీసుకెళ్లి తన పాత డోర్ చూపించారు. సొట్ట పడింది, కానీ ఐలయ్య గారి బండికి సరిపోతుంది. పట్టుకెళ్లండమ్మా, ఇక్కడుంటే మా ఆవిడ రోజూ సాధిస్తోందండి, అన్నారు.

ఆటోలో ఆ డోర్‌ను ఒళ్లో పెట్టుకుని వచ్చాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

డాక్టర్ వద్దన్నా, అమ్మ తిట్టినా బాపు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని వచ్చాడు. స్టూలు మీద కూర్చుని గేర్‌బాక్స్ బిగించే పని స్వామితో చేయించాడు. సాయంత్రానికి బండి స్టార్ట్ అయింది. నాలుగో డోర్ మాత్రం బూడిద రంగు. రంగేద్దామా అంటే, ఉండనియ్ నర్సన్నా, ఆరేదాక టైమ్ యాడున్నది, అన్నారు ఐలయ్య గారు. ఈ డోర్ చూసి వెండర్ బండి వద్దంటే?

ఆయన వెళ్లాక బాపు నా వరసలు చూశాడు. ఎర్ర బండి యాడున్నది, అన్నాడు. A-4 అన్నాను. A అంటే ఏ దిక్కు బిడ్డా, అన్నాడు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను. ఒక్కో బండిని తడుముతూ మూడు వరసలూ తిరిగాడు. ఒక్కసారే. అంతే, ఆయనకు వచ్చేసింది. ఆ షీట్‌కు నాకు పది రోజులు పట్టింది.

జరిపితే జరుపు, నాకొక్క మాట చెప్పు, అన్నాడు.

ఫిబ్రవరి 17, సోమవారం

ఐలయ్య గారు ఫోన్ చేయలేదు. నువ్వు చెయ్యకు, అన్నాడు బాపు.

ఫిబ్రవరి 20, గురువారం, ఉదయం 8.40

ఆఫీసు ముందు సిగ్నల్. ముప్పై నలభై తెల్ల క్యాబులు. ఒకదాని ఎడమ వెనక డోర్ బూడిద రంగు. దాని అద్దానికి తల ఆనించి, మెడలో ఐడీ కార్డుతో ఒకమ్మాయి నిద్రపోతోంది. నంబర్ చూడలేదు. చెయ్యి ఊపాను.