మూడు మిల్లీమీటర్ల ఒట్టు

సోమవారం, ఉదయం 8.10
ఈ వయసులో ఉద్యోగం! అదీ ఎవరి దగ్గర? నా కూతురి దగ్గర! వెల్డింగు షెడ్డు దానిది. పైపులు జతచేసి పెట్టే పని నాది. శుక్రవారం ఇన్‌స్పెక్టరు వచ్చి ఒక అతుకు కోసి, వంచి చూస్తాడు. పగలకపోతే ఆసుపత్రి ఆవిరి పైపుల పని మొత్తం నా బిడ్డదే!

వంచిన తీగముక్క ఒకటి చేతిలో పెట్టింది. స్పేసరట.

"రెండు పైపుల మధ్య ఇది పెట్టు నాన్నా. కదలకుండా ట్యాక్, అదే చిన్న చుక్క వెల్డింగు, వేశాకే తియ్యి. గ్యాపు మూడు మిల్లీమీటర్లు ఉండాలి, లేకపోతే కరిగిన లోహం అడుగుదాకా దిగదు. కంటితో చూసి సరిపెట్టావో, ఇంటికి పంపించేస్తా!"

ఒట్టేశాను. కంటి లెక్క బంద్!

సాయంత్రం 5.00
ఎనిమిది జతలు. ఎనిమిదింటికీ స్పేసరే. ఎంత బుద్ధిమంతుణ్ణో!

మంగళవారం, 11.00
ట్యాక్ చల్లారి బిగుసుకుంది. స్పేసరు ఇరుక్కుంది. సుత్తి, పటకారు... పళ్లు తప్ప అన్నీ వాడాను.

"ఏంటి నాన్నా, కుస్తీయా?"

"లేదమ్మా, బతిమాలుతున్నా."

బుధవారం, 2.00
స్పేసరు అమ్మాయి జేబులో ఉండిపోయింది. అమ్మాయేమో ఫోనులో ఉంది. పిలిస్తే పాపం, విసుగు. ఒక్క జత కంటితో. ఒక్కటే! నలభై ఏళ్లు పైపులు చూసిన కన్ను మరి!

3.00
రెండు.

4.30
లెక్కపెట్టడం మానేశాను.

గురువారం, 10.00
స్పేసరుతో టీలో చక్కెర కలిపాను. చెంచా కన్నా నయం.

"స్పేసరు పెడుతున్నావా నాన్నా?"

"ఓ, బ్రహ్మాండంగా!"

శుక్రవారం, 10.40
ఇన్‌స్పెక్టరు ముక్క కోసి వంచాడు. అతుకు నోరు తెరిచింది.

"గ్యాపు చాల్లేదు. ఎవరు జతచేశారు?"

"నేనేనండీ" అంది నా కూతురు.

తల్లీ! నా తప్పు నెత్తినేసుకుంది!

"కాదండీ! నేను! కంటితో!" అని అరిచాను. షెడ్డంతా మోగింది.

ఇన్‌స్పెక్టరు చెవి రుద్దుకున్నాడు. "సోమవారం మళ్లీ వస్తా. ఆఖరిసారి."

ఆయన వెళ్లాక అడిగాను, "ఇంటికి పోనా అమ్మా?"

"పోతే రెండో కొస ఎవరు పట్టుకుంటారు? మాటలు ఆపి పైపు ఎత్తు."

శనివారం, 8.05
కొత్త ఒట్టు. మొదటి జత. స్పేసరు పెట్టాను.

గ్యాపు మరీ ఎక్కువైందని కన్ను గోల పెట్టింది.

"నీ మాట వినే కదటే, నిన్న నా బిడ్డ మాటపడింది!" అన్నాను.

ట్యాక్ వేశాను.