వెండెల్ పట్టికలో మూడో పిస్తోలు

వెండెల్, పొయ్యి మీద దుప్పి మాంసం ఉంది, వేడి చేసుకుని తిను. కోళ్లకి నీళ్లు పెట్టు. భోజనాల బల్ల నిండా పరిచిన నీ పిస్తోళ్ల పట్టిక తీసెయ్, ఇక దానితో పనిలేదు.

నా పుట్టినరోజుకి పిస్తోలు కొంటానని గ్లాక్, సిగ్ సావర్, స్మిత్ అండ్ వెసన్ అంటూ మూడు నెలలుగా బరువులూ పొడవులూ పోల్చావు. నా చెయ్యి ఒక్కటే కొలవలేదు. అందుకే పొద్దున మీ అమ్మా నేనూ షూటింగ్ రేంజికి పోయి, మూడూ అద్దెకి తీసుకుని కాల్చి చూశాం. కొట్టువాడు గులాబీరంగుది ఒకటి తెచ్చి, "ఆడవాళ్లకి ఇది ముద్దుగా ఉంటుందండీ" అన్నాడు. మీ అమ్మ, "అంత ముద్దొస్తే నువ్వే ఉంచుకో నాయనా" అంది. నా చేతికి కుదిరింది స్మిత్ అండ్ వెసన్. కొనేశాను. అవును, నువ్వు మూడో స్థానంలో పెట్టిందే. మొహం అలా పెట్టకు, మీ అమ్మని దింపి వచ్చేటప్పుడు బేకరీలో నీకిష్టమైన ఆపిల్ పై కొని తెస్తాను.

లొరీన్

అన్నట్టు, ఫ్రిజ్ మీద రెండు గురికాగితాలు అంటించాను. చిల్లులన్నీ నడిమధ్య ఉన్నది నాది. అంచుల్లో ఉన్నది, పోయినవారం నువ్వు కాల్చి తెచ్చి బీరువాలో దాచుకున్నది. పోల్చడం నీకు సరదా కదా, పోల్చుకో.