చట్రం కింది గాట్లు

1959 ఏప్రిల్ 6, సోమవారం

ఎకెన్‌స్టెట్ కత్తుల ఫ్యాక్టరీలో చేరి నేటికి వారం. ఎస్కిల్స్టూనా పట్టణానికి మూడు వందల ఏళ్లు నిండుతున్నాయని, ఫ్యాక్టరీ తన పాత గడ్డం కత్తులన్నిటినీ మే పదహారున ప్రదర్శనకు పెడుతోంది. లేబుళ్లు రాయడం నా పని. స్టాక్‌హోమ్ కాన్వెంటులో సిస్టర్లు దిద్దించిన చేతిరాత చూసి ఉద్యోగం ఇచ్చారు. ఎవరితోనూ మాట్లాడే పని ఉండదన్నారు. అందుకే ఒప్పుకున్నాను.

గుర్తులు చదవడం ఇంజనీరు వాలెన్‌క్విస్ట్ గారు నేర్పుతున్నారు. రిటైరై తొమ్మిదేళ్లయింది. ఈ కత్తుల మీద పుస్తకం రాస్తున్నారు. కత్తి మెడ మీద కిరీటం ముద్ర ఉంటే పాత కాలపుది. కిరీటం కింది అంకె మోడల్ నంబరు. 11 ఇళ్లలో వాడేది, 14 సెలూన్లకు వెళ్లేది, 17 అన్నిటికంటే మేలైనది. అంకె పక్కన చుక్క ఉంటే దంతపు పిడితో అమ్మినది. లాటిన్ విభక్తుల్లా ఎంత శుభ్రంగా ఉందో. సంతోషంగా ఉంది.

ఏప్రిల్ 9, మధ్యాహ్నం 3

ఈ కత్తుల్లో కోసే అలుగు వేరు, వీపు వేరు. కాగితమంత పల్చటి ఉక్కు అలుగుని ఒక చట్రంలోకి జారుస్తారు. ఆ చట్రమే వీపు. చట్రంలోంచి అలుగుని బయటికి లాగడం ఇంజనీరు గారి దృష్టిలో నేరం. నలభై ఏళ్లుగా సేకరిస్తున్నారట, ఒక్కటి కూడా లాగలేదట. అది చెప్పేటప్పుడు ఆయన గొంతులో భక్తి ఉంది.

ఈరోజు ఒక చెక్కపెట్టె ఇచ్చారు. చట్రాలు పోయిన అలుగులు, అరవై రెండు. మామూలుగా చట్రం కింద దాగే అంచున ప్రతిదానికీ ఆకురాయితో పెట్టిన సన్నని గాట్లున్నాయి. కొన్నింటికి మూడు నిలువు, ఒకటి వాలుగా. కొన్నింటికి ఒకదాన్నొకటి దాటే రెండు. ఇవన్నీ పరీక్షలో తప్పిన సరుకన్నారు ఇంజనీరు గారు. ఆయన పుస్తకంలో దీనికో పట్టిక కూడా ఉంది. చట్రంలో ఉన్న మంచి కత్తుల మీద గాట్లు కనబడవు కదా, అదే రుజువట.

లేబుల్ రాశాను. ‘తిరస్కరించిన అలుగులు. రెండో రకం.’ అక్షరాలు బాగా కుదిరాయి.

అదే రోజు, సాయంత్రం 6

గురువారం కాబట్టి బఠాణీ సూపు. నేను అద్దెకుంటున్న ఇంటి హుల్డా మామ్మకి ఎనభై మూడేళ్లు. భోజనం దగ్గర ఆమె మాట్లాడుతుంది, నేను తింటాను. ఇవాళ ఎందుకో గాట్ల సంగతి చెప్పాను. చెంచా కింద పెట్టి, గీసి చూపించమంది. న్యూస్‌పేపర్ అంచు మీద మూడు నిలువు, ఒకటి వాలుగా గీశాను.

“అది నేనే” అంది.

అలుగుని చట్రంలో కూర్చడం, ఆఖరి సాన పట్టడం ఫ్యాక్టరీలో జరిగేవి కావట. సోమవారం బుట్టలో ఇళ్లకు వచ్చేవి, శనివారం వెనక్కి వెళ్లేవి. ఏటి ఒడ్డు వీధుల్లో ఆ పని చేసింది ఆడవాళ్లే. బుట్ట మాత్రం మగవాళ్ల పేరున రాసేవారు. “మా ఆయనకి ఆకురాయి ఏ వైపు పట్టుకోవాలో కూడా తెలీదే అమ్మాయ్. గడ్డం కూడా నేనే గీసేదాన్ని” అంది. ఒకరు సరిగా చెయ్యని అలుగు ఇంకొకరి నెత్తిన పడకుండా ఎవరి గుర్తు వాళ్లు పెట్టుకునేవారట. చట్రంలోకి జార్చే ముందు, లోపలికి పోయే అంచున. బయటికి కనిపిస్తే ఫోర్‌మన్ ఒప్పుకోడు మరి.

అంటే గాటు లేని కత్తి లేదు. ఇంజనీరు గారు చట్రం తీయలేదు కాబట్టి ఆయనకి కనబడలేదు. చట్రం పోయినవాటి మీదే కనిపించాయి కాబట్టి అవి చెత్త అయ్యాయి. నలభై ఏళ్ల పాండిత్యం! ఆ చెత్త అన్న మాటని నా చేత్తో, నా మంచి చేతిరాతతో రాశాను.

ఏప్రిల్ 10

ఇంజనీరు గారికి చెప్పాను. తొమ్మిదింటికి చెప్పాలనుకున్నది పదకొండుకి నోట్లోంచి వచ్చింది. ఆయన నవ్వారు. ఆ రోజుల్లో ఆడవాళ్లు ఫ్యాక్టరీ గేటు దాకా భోజనం డబ్బాలు తెచ్చేవారని, ఆ సంగతి తనకీ గుర్తుందని అన్నారు. “ఎనభై మూడేళ్ల జ్ఞాపకాన్ని ఫ్రోకెన్ లిండెల్ నా పట్టికతో పోలుస్తున్నారా?” అని అడిగారు. పెళ్లికాని అమ్మాయిని ఫ్రోకెన్ అని పిలవడం మర్యాద. అంత మర్యాదగా ఎవరూ ఇంతవరకు నా నోరు మూయించలేదు.

కళ్లు దించుకున్నాను. కాన్వెంటు అలవాటు. నా కళ్ల మీద నాకే కోపం వచ్చింది.

ఏప్రిల్ 11

నిన్న ఇవ్వాల్సిన జవాబు ఈరోజు బస్సులో తట్టింది.

ఏప్రిల్ 20

అద్దాల అల్మరా మధ్యలో పెట్టబోయే 17 నంబరు కత్తికి ఒకప్పుడు బంగారు పతకం వచ్చింది. అది తను కూర్చిందేనని మామ్మ అంటోంది. అరవై ఏళ్లుగా వీధంతటికీ చెబుతూనే ఉందట. ఎదురింటి అల్ఫ్రీదా మోడిగ్ తనదని చెప్పుకునేదట. ఆమె పోయి పన్నెండేళ్లు. “దాని అలుగులు చట్రంలో పళ్లూడిన నోట్లో నాలుకలా ఆడేవి” అంది మామ్మ. అల్ఫ్రీదా గుర్తు, ఒకదాన్నొకటి దాటే రెండు గాట్లు.

మామ్మ కోరిక ఒకటే. పోయేలోపు ఆ కత్తి పక్కన తన పేరు చూడాలి.

ఏప్రిల్ 27

పెట్టెలోని అలుగుల్లో నమూనాకి ఒకటి ఉంచి, మిగిలిన అరవై ఒకటీ గురువారం కొలిమికి పంపుతారట. చోటు లేదట.

పంపవద్దన్నాను. పూర్తి వాక్యం, క్రియాపదంతో సహా. గాట్లు ఆడవాళ్లవనడానికి కాగితమేదీ అని ఇంజనీరు గారు అడిగారు. కాగితం ఎలా ఉంటుంది? కాగితం మీద మొగుళ్ల పేర్లు రాసుకున్నది మీరే కదా.

ఈ చివరి వాక్యం ఆయనతో అనలేదు. ఇక్కడ రాశాను.

ఏప్రిల్ 29, మధ్యాహ్నం 1



కాఫీ వేళ డైరెక్టర్ గారు అల్మరా చూడ్డానికి వచ్చారు. తాళంచెవి నా దగ్గరే ఉంది. 17ని బయటికి తీశాను. చట్రాన్ని ఎడమచేత్తో పట్టుకుని, మామ్మ చూపించినట్టు అలుగుని తోక వైపుకి లాగాను. ఇంజనీరు గారు నన్ను చర్చిలో ఈల వేసినదాన్ని చూసినట్టు చూశారు.

“ఇప్పుడు చూడండి” అన్నాను.

డైరెక్టర్ గారు కళ్లజోడు పెట్టుకున్నారు. గాట్లున్నాయి. 14 లాగాను, ఉన్నాయి. 11 లాగాను, ఉన్నాయి. ఎనిమిది కత్తులు లాగాను. ఎనిమిదింటికీ.

ఇంజనీరు గారు కాఫీ మొత్తం తాగి, కప్పు సాసరులో పెట్టి, అయితే అది ఫ్యాక్టరీ తనిఖీ ముద్ర అన్నారు. మొదటి రకం అన్నమాట అన్నారు. పట్టిక అదే, పై మాట ఒక్కటి మారింది. డైరెక్టర్ గారు తలూపారు. పెట్టె కొలిమికి పోదు, చాలా విలువైనదట ఇప్పుడు. పేర్లు మాత్రం రాయకూడదట. పతకం ఫ్యాక్టరీకి వచ్చింది కదా, ఫ్యాక్టరీదే కదా.

నిన్నటి దాకా చెత్త, అప్పుడు అది ఎవరిదైనా ఒకటే. మేలైనదని తేలగానే కంపెనీది! బల్ల మీది సిరాబుడ్డి ఎత్తి కొట్టాలనిపించింది. నాకు ఇంత కోపం ఉందని నాకే తెలియదు.

ఇంకొకటి. పతకం కత్తి అలుగు మీద ఉన్నవి రెండు గాట్లు. ఒకదాన్నొకటి దాటేవి.

ఏప్రిల్ 30

వీధిలో అందరూ వసంతానికి స్వాగతంగా వేసే మంటలు చూడ్డానికి వెళ్లారు. మేం వెళ్లలేదు. మామ్మకి చెప్పేశాను.

సరిగా చూశావా అంది. చూశానన్నాను. ఆకురాయి తనదేనని, అల్ఫ్రీదా అడిగి తీసుకుందని అంది. తర్వాత తనే, ఆకురాయి ఎవరిదైతే ఏంలే అంది. కడిగిన కప్పునే మళ్లీ కడిగింది.

మే 3

మామ్మ మాట్లాడటం లేదు. తింటున్నాం.

మే 5, సాయంత్రం

లేబుల్ మీద ఏం రాశావని మామ్మ అడిగింది. ఐదు రోజుల తర్వాత మొదటి మాట. ‘మోడల్ 17. ఫ్యాక్టరీ తనిఖీ ముద్ర ఉంది’ అని రాయించారన్నాను. అల్ఫ్రీదా పేరు? లేదన్నాను.

కుర్చీలోంచి లేచింది. ఇన్నాళ్లలో ఆమె గొంతు పెంచడం వినలేదు.

“నాది కాకపోతే దానిది. వాళ్లదెలా అవుతుందే?”

ఆ తర్వాత గంటసేపు అల్ఫ్రీదాని తిట్టింది. గర్విష్ఠి, అప్పడిగిన చక్కెర తిరిగివ్వని మనిషి, పైగా పతకం కొట్టేసింది. తిడుతూనే నా చేత ప్రదర్శన తేదీ రెండుసార్లు చెప్పించుకుంది.

మే 16, శనివారం, సాయంత్రం 5

పొద్దున తొమ్మిదికి మామ్మ నల్లకోటుతో వచ్చి, అల్మరా పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుంది. వచ్చిన ప్రతి మనిషికీ చెప్పింది. ఇది అల్ఫ్రీదా మోడిగ్ చేసింది, తన వంటింట్లో. ఆ పెట్టెలో మూడు నిలువు, ఒక వాలు గాటు ఉన్నవి నావి. ఇంజనీరు గారు రెండుసార్లు వచ్చి ఇల్లు చేరమని బతిమాలారు. ఆ పెద్దమనిషికీ మొదటినుంచీ చెప్పింది.

మూడు దాటాక గొంతు పోయింది. కుర్చీలోంచి లేవకుండా నా చెయ్యి పట్టుకుని ముందుకు తోసింది. ఎదురుగా ఎవరో దంపతులు, ముగ్గురు పిల్లలు.

చెప్పాను.