మధ్యరకం రబ్బరు ప్లేట్లు

నవంబర్ 3, సోమవారం

ప్రత్యూష ఇవాళ అరవై కిలోలు ఎత్తిందట. యూరియా బస్తానే నలభై ఐదు. చిల్లకూరులో ఎరువుల కొట్టు నాది, కానీ బస్తాలు మోసేది హమాలీలు. పెళ్లాం నాకంటే బలశాలి అని తేలిపోయింది. సరే, నా మంట అది కాదు. చెబుతున్నంతసేపూ సుకుమార్ సార్ ఇలా నిలబడమన్నారు, సుకుమార్ సార్ అలా ఊపిరి బిగపట్టమన్నారు. గూడూరు జిమ్‌లో కోచ్ వాడు. తనేమో స్కూల్లో లెక్కలు చెప్పుకునే మనిషి, నడుము నొప్పికని చేరింది. నొప్పి పోయింది, సార్ మిగిలాడు.

నవంబర్ 5

ఇంత వానలోనూ స్కూటీ వేసుకుని జిమ్‌కి పోయింది. నా టీ నేనే పెట్టుకున్నాను.

నవంబర్ 7, శుక్రవారం

ఐడియా తట్టింది. ఇంట్లోనే జిమ్! కారు షెడ్డు ఖాళీ, కారు ఇంకా కొనలేదు కదా. జిమ్ ఇంట్లో ఉంటే సార్ ఎందుకు? చెప్పగానే ప్రత్యూష ఎగిరి గంతేసింది. నన్ను అంత ప్రేమగా చూసి ఎన్నాళ్లయిందో.

నవంబర్ 9, ఆదివారం

ప్లేట్ల కోసం నెల్లూరు వెళ్లాం. రాడ్డుకి రెండు వైపులా తగిలించే బరువులు. ఇనుపవి వద్దంది, వదిలేస్తే నేల పగులుతుందట. రబ్బరు బంపర్ ప్లేట్లే కావాలట. చౌకరకం పాత టైర్ల పొడితో చేసింది, ఒకటే కంపు. ఖరీదైనవి రంగురంగులవి, పోటీల్లో వాడేవి. అవే కొందామన్నాను. ఏం, ఆ సార్ దగ్గర లేనివి నా పెళ్లానికి ఉండకూడదా? వినలేదు. మధ్యరకం నల్లవి ఎత్తి ఒక్కొక్కటీ నేలమీద వదిలింది. ఒకటి మోకాలిదాకా ఎగిరింది. భలే రబ్బరు అనుకున్నాను. అట్లా ఎగిరేది పనికిరాదట, కాళ్లకు తగులుతుందట. ఇంకోటి దబ్బున పడి అక్కడే ఆగింది. నడిమి ఇనుప రింగు వేళ్లతో కదిపి చూసింది, కదల్లేదు. ఇది చాలు అంది.

ఇంత తెలివి ఎక్కడిదని మురిసిపోతున్నాను, అప్పుడు కనిపించింది జుట్టు చాటున ఇయర్‌ఫోన్. అవతల సుకుమార్! డబ్బు నాది, షెడ్డు నాది, ప్లేట్లు ఎంచింది వాడు. తిరుగుదారిలో మనుబోలు దగ్గర టీ తాగుదామంది. వద్దన్నాను. తాగాలనే ఉంది.

నవంబర్ 13, గురువారం

ప్లేట్లు దిగాయి. ఇంట్లో లారీ టైర్లు పెట్టుకున్నట్టుందని మా అమ్మ రాఘవమ్మ ముక్కు మూసుకుంది. నాకైతే మల్లెపూల వాసనే. రేపట్నుంచి గూడూరు బంద్.

నవంబర్ 16, ఆదివారం

షెడ్డులోకి తొంగి చూశాను. ఫోన్ గోడకి ఆనించి వీడియో తీసుకుంటోంది. ఎవరికని అడిగాను. సార్‌కి, తప్పులు చెప్పాలి కదా అంది. ఒళ్లు మండింది. వాణ్ని ఇంట్లోకి కూడా తెచ్చావా అన్నాను. అనకూడని మాట. తను అరవలేదు. రాడ్డు మీద చేతులు తీయకుండానే అంది:

"మీరు చూడరు గదా. ఎవరో ఒకరు చూడాల గదా."



నవంబర్ 17

ఇవాళ కూడా నా టీ నేనే పెట్టుకున్నాను.

నవంబర్ 19, బుధవారం

పొద్దున్నే షెడ్డులో స్టూలేసుకుని కూర్చున్నాను. వీడియో తీయమని ఫోన్ చేతికిచ్చింది. అరవై ఐదు. రాడ్డు కాసేపు కదల్లేదు. మెడ నరాలు ఉబ్బాయి, పళ్లు బిగిశాయి, మెల్లగా లేచి తొడల దాకా వచ్చింది. నిటారుగా నిలబడి నవ్వింది. ఇన్నేళ్లు కాపురం చేస్తున్నాను, ఆ ముఖం నేనెప్పుడూ చూడలేదు. వాడు రోజూ చూశాడు. నా కుళ్లు తగ్గకపోగా రెట్టింపయింది.

సార్‌కి పంపండి అని స్నానానికి వెళ్లింది. పంపలేదు. ఎందుకు పంపాలి? నేనే మళ్లీ మళ్లీ చూసుకున్నాను. తడిజుట్టుతో వచ్చి, సార్ ఏమన్నారని అడిగింది. చాలా బాగుందన్నాడని చెప్పేశాను.

నవంబర్ 20

పొద్దున బరువులెత్తే ముందు నడుముకి బెల్టు బిగించుకుంటూ అడిగింది.

"సుకుమార్ సార్ ఎప్పుడూ బాగుండాదని అనలా. నిన్న అన్నది ఎవరు?"

నేనేనని ఒప్పుకున్నాను.

"మళ్లీ చెప్పండి" అంది.